గులాబీ బుగ్గన చుక్క

గడచిన ఏడేళ్ళలో మా గంగులన్నయ్య చేతిలోంచి నల్లచుక్క లేకుండా ఒక్క బొమ్మ కూడా బయటకు పోలేదు. లారీ అయినా, బడి గోడ అయినా, గుడి తలుపు అయినా అంతే. రంగు వేయడం పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసి, "బాగా వచ్చినాది. సుక్క పెట్టకపోతే దిష్టి తగుల్తాది" అంటాడు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే, ఆయన ఖాళీ ఇంజక్షన్ సీసా పెట్టుకుంటాడు. అందులో నల్ల ఎనామిల్ రంగు. బ్రష్షు వెనకవైపు అందులో ముంచి మినపగింజంత చుక్క పెడతాడు. అప్పుడుగాని ఆ పని అయిపోయినట్టు కాదు.

గంగులు మా పెదనాన్న కొడుకు. సాలూరులో లారీలకు బాడీ కట్టే షెడ్ల వరసలో ఆయనా, మా ఆయన సోములూ కలిసి రంగులేసే షెడ్డు నడిపేవారు. ఆ షెడ్డు మా పెరటి గోడకు ఆనుకునే ఉంది. పొద్దున్న టీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్ళీ టీ పట్టుకుని ముప్పై ఏళ్ళు ఆ గోడ పక్క సందులోంచి తిరిగాను. నేను చదివింది ఐదో తరగతి. బొమ్మల గురించి నాకు తెలిసిందల్లా ఆ సందులో నడుస్తూ తెలుసుకున్నదే.

దిష్టిచుక్క ఎవరికైనా బుగ్గన పెడతారు. గంగులన్నయ్య లెక్కలో లోకంలో ప్రతి వస్తువుకూ ఒక బుగ్గ ఉంటుంది. అది ఎక్కడుందో మాత్రం ఆయనకొక్కడికే తెలుస్తుంది.

"లారీకి బుగ్గెక్కడుంటాది మావా?" అని ఒకసారి పైడిరాజు అనే డ్రైవరు అడిగాడు. కొత్త బండి. తలుపు మీద చిలకల జంట, వెనక తామరపూలు, అంతా కళకళలాడుతోంది. చుక్క మాత్రం పోయి పోయి డీజిల్ ట్యాంకు మూత పక్కన ఉంది.

"నువ్వు అన్నం దేంతో తింతావురా?"

"నోటితో."

"నోటి పక్కన బుగ్గుంటాదా, నేదా?"

"ఉంటాది."

"మరి లారీ నోరేటి? డీజిలు పోసేదే గదా. దాని పక్కనున్నది బుగ్గ."

పైడిరాజు కాసేపు ఆలోచించి ఒప్పేసుకున్నాడు. అప్పట్నుంచి డీజిలు పోయించిన ప్రతిసారీ గుడ్డ పెట్టి బండి మూతి తుడిచేవాడట.

పళ్ళ డాక్టరు తిరుమలరావుగారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆయన కొత్త ఆసుపత్రికి బోర్డు రాయించుకున్నారు. ఒకాయన నవ్వుతూ ఉంటాడు, పళ్ళన్నీ మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంటాయి. ముందరి పన్ను మీద నల్లచుక్క. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"గంగులూ, పుచ్చుపన్ను బోర్డు మీద పెట్టుకుని ఎవడన్నా వైద్యం చేస్తాడా?"

"పుచ్చు కాదు బాబూ, దిష్టి."

"దిష్టి అయితే బుగ్గన పెట్టాలి కదా. బుగ్గ అంత వెడల్పుగా వేశావు, ఖాళీగానే ఉంది."

"అది బయటి బుగ్గ బాబూ. ఇది లోపలి బుగ్గ."

వాదించి గెలవలేక డాక్టరుగారు అలాగే తగిలించుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు తమ పన్ను సంగతి వదిలేసి, "బోర్డు మీదాయనకి ఇంకా తగ్గనేదేటి డాక్టరుగారూ?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో ఆయనకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయి, "మాట వినడు, నా దగ్గరకు రాడు, అందుకే అలా ఉన్నాడు" అని చెప్పేవారు. పిల్లలు భయపడి బుద్ధిగా నోరు తెరిచేవారు.

బడి గోడ మీద దేశపటం వేసినప్పుడు చుక్క సముద్రంలో పడింది. యమున టీచరు నెల్లాళ్ళు గమనించుకోలేదు. పరీక్షలో దేశపటం గీయమంటే నలభై మంది పిల్లలూ సముద్రంలో కొత్త దీవి ఒకటి గీశారు. ఒక పిల్ల దానికి గంగుల దీవి అని పేరు కూడా రాసింది. టీచరు షెడ్డుకొచ్చి నిలదీసింది.

"భూమ్మీద పెడితే ఎవడో ఒకడి ఊరు మీద పడతాది టీచరమ్మా" అన్నాడు అన్నయ్య. "మా ఊరేటి నల్లగున్నాదని వాడు తగువుకొస్తాడు. నీళ్ళల్లో అయితే ఎవుడూ అడగడు."

"నేనడుగుతున్నాను కదా."

"మీరు సదువుకున్నోరు. అడుగుతారు మరి."

అందరికంటే ఎక్కువ మండిపడేది మా ఆయనే. గంగులన్నయ్య తెల్లారేసరికి షెడ్డు తెరిచేవాడు. మా ఆయన ఇంట్లో టీ తాగి, పేపరు చూసుకుని ఎనిమిదికి వెళ్ళేవాడు. ఈయన అడుగుపెట్టేసరికి నిన్నటి పని మీద చుక్క సిద్ధంగా ఉండేది. గోడ ఇవతలికి రోజూ వినబడేది.

"ఒరే, నాను రంగేసినదాని మీద నీ సుక్కేటిరా?"

"దిష్టి బావా."

"ఇది బండి వెనక డోరురా. దీన్నెవుడు సూస్తాడు?"

"వెనకాల వచ్చే లారీవోడు సూస్తాడు. వాడికి ముందు ఏరే పనేటున్నాది?"

"నలభై ఏళ్ళు, ఒరే నలభై ఏళ్ళు ఈ సేత్తో రంగు పట్టుకున్నాను. ఒక్క బొట్టు జారనేదు. నీ సుక్కలు సూసి జనం సోములు సెయ్యి పాడైపోనాదనుకుంటారు."

"అనుకోరు బావా. నాకు పిచ్చి పట్టినాదనుకుంటారు. అంతే."

"పిచ్చే. అనుకోడం దేనికి."

మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా అదే గొడవ. "మీ అన్న ఈయాల దేనికి బుగ్గెతికినాడో తెలుసా?" అంటూ ముద్ద ముద్దకీ ఒక తిట్టు నంజుకునేవాడు. నేనూ మా ఆయన పక్షమే. మంచి బొమ్మల్ని పాడుచేస్తున్నాడని నాకూ కోపంగానే ఉండేది.

మూడేళ్ళ కిందట గజపతినగరం నుంచి ఆనంద్‌కుమార్ అనే బట్టల షావుకారు కారేసుకుని వచ్చాడు. కొట్టు మీద కొత్తగా అంతస్తు వేస్తున్నాడు. పట్టుచీరల గదిలో గోడ మీదికి బొమ్మ కావాలి. అచ్చువేసింది వద్దు, చేత్తో వేసిందే కావాలి. ఏ బొమ్మ కావాలో కాగితం మీద ముద్రించి తెచ్చాడు. ఫ్రాన్సు దేశంలో నూరేళ్ళ కిందటి మాటట. ఒక చిత్రకారుడు తోటలోకి వెళ్ళి పూసిన గులాబీ పొదను చూస్తూ వేశాడట. బల్లంత గుడ్డ, రంగు గొట్టాలు కూడా ఆయనే కొనుక్కొచ్చాడు.

గంగులన్నయ్య కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"బాబూ, ఇది సగంలో ఒగ్గీసినట్టున్నాడు. పువ్వుల సుట్టూ గీత గీయడం మర్సిపోనాడు."

"గీత ఉండదు. ముద్దలు ముద్దలుగా రంగు పెట్టడమే ఆయన గొప్పతనం."

"గీత నేకపోతే గొప్పయితే, మేం బ్రష్షులు దులుపుకునే గోడ అదుగో, ఒకపాలి సూడండి. అది ఇంకా గొప్పది."

మా ఆయన ఆ కాగితం తీసుకెళ్ళి షెడ్డు చివర గోడకు గుచ్చాడు. కళ్ళు చికిలించాడు. వెనక్కి జరిగాడు. "ఒరే, దూరం నుంచి సూడు" అన్నాడు.

"ఎంత దూరం?"

"ఇంకా."

గంగులన్నయ్య వెనక్కి నడుస్తూ నడుస్తూ రోడ్డు మీదకు పోయాడు. లారీవాడెవడో హారన్ కొట్టి, అన్నయ్య వాళ్ళ అమ్మనూ నాన్ననూ తలుచుకున్నాడు. రోడ్డు మధ్య నిలబడే అన్నయ్య అరిచాడు. "ఓలమ్మ, పూసీసినాయి బావా."

నిజమే. దగ్గరికెళితే ఎరుపూ తెలుపూ రంగు ముద్దలు. దూరం నుంచి చూస్తే గులాబీలు. పొద్దున్నే మంచుతో ఉన్నట్టు కూడా కనబడ్డాయి నాకు.

ఇక్కడ మా ఆయన చెయ్యి సంగతి చెప్పాలి. అప్పటికి నాలుగేళ్ళుగా ఆయనకు కుడిచెయ్యి వణికేది. అడిగితే చలి అనేవాడు. మే నెలలో కూడా చలి అనేవాడు. గీత గీసే పని ఒక్కొక్కటిగా గంగులన్నయ్య వైపు జరిగిపోయింది. మా ఆయనకు లోపల రంగు నింపడం, చక్రాలకు, బంపర్లకు పూయడం మిగిలాయి. దాని గురించి బావాబావమరుదులు ఒక్క రోజూ మాట్లాడుకోలేదు. ఆ రోజు గులాబీల ముందు నిలబడి మాత్రం ఆయన అన్నాడు.

"దీనికి గీత అక్కర్నేదు గదరా. ఇది నాను వేస్తాను."

"వెయ్యి బావా."

"నువ్వు ముట్టకు."

"ముట్టను."

"ఇదిగాని ఎనక్కొచ్చినాదా, మరి బ్రష్షు పట్టను. ఇంట్లో కూకుంటాను."

ఆయన ఆ మాట అంటే అన్నట్టే. బీడీ మానేస్తానని ఒకనాడు అన్నాడు, ఆ తర్వాత పక్కవాళ్ళు కాలిస్తే లేచి పోయేవాడు. నలభై ఏళ్ళు టర్పెంటైను వాసనతో ఇంటికొచ్చిన మనిషి బ్రష్షు వదిలేసి అరుగు మీద ఏం చేస్తూ కూర్చుంటాడు? నాకు దిగులు పట్టుకుంది. ఆ షావుకారు బొమ్మ తీసుకుపోతే చాలని రోజూ దీపం దగ్గర అనుకునేదాన్ని.

ఇరవై రెండు రోజులు వేశాడు. ఆ చెయ్యి లారీ తలుపు మీద తిన్నని గీత గీయలేదు గాని, ఆ గులాబీలకు మాత్రం సరిగ్గా కుదిరింది. ఆయన ముద్ద పెడుతుంటే బ్రష్షు దానంతటదే వణికి రేక విచ్చుకునేది. గంగులన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని చూసి, "బావా, ఆ ఫ్రాన్సువోడికి కూడా సలేసుంటాది" అన్నాడు. మా ఆయన నవ్వాడు. చాలా రోజులకు.

సాయంత్రం బొమ్మ పూర్తయింది. మర్నాడు పదింటికి షావుకారు వస్తానన్నాడు. పెద్దమనుషులు వస్తున్నారు కదా అని తెల్లవారగానే ముగ్గుగిన్నె పట్టుకుని షెడ్డు ముందు ముగ్గు వేద్దామని వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల గంగులన్నయ్య బొమ్మకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి ఉన్నాడు. చేతిలో ఇంజక్షన్ సీసా.

పొదలో అన్నిటికంటే పెద్ద గులాబీ మీద, చింతగింజంత పచ్చరంగు బొట్టు జారి ఉంది. అన్నయ్య దాని మీద నల్లరంగు పెట్టి, గుండ్రంగా తిప్పుతున్నాడు.

"అన్నియ్యా, అదేటి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "సుక్క."

"సుక్క కిందేటున్నాది?"

"ఏటుంటాది, పువ్వుంటాది."

"పచ్చగా ఉన్నాది."

"నీకు కళ్ళెక్కువైపోనాయి. ఎల్లి ముగ్గేసుకో."

నేను కదల్లేదు. ఆయన ఒకసారి మా పెరటి గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నిన్న సాయంత్రం బ్రష్షు దించినప్పుడు రాలిపోనాది. బావ సూసుకోనేదు. కళ్ళజోడు పెట్టుకుంటే గదా."

"అయితే గులాబీరంగుతో దిద్దీ. దానికి నలుపెందుకు?"

"దిద్దితే కనిపెట్టేస్తాడే. నా సెయ్యేదో తన సెయ్యేదో మీ ఆయనకి తెల్దేటి? అదే సుక్క పెడితే, నన్ను తిట్టి ఊరుకుంటాడు."

నా చేతిలో ముగ్గు గిన్నెలోనే ఉండిపోయింది. చెయ్యి వణకడం మొదలై నాలుగేళ్ళు. చుక్కలు మొదలై నాలుగేళ్ళు. రెండూ నా కళ్ళ ముందే ఉన్నా, ఒక్కనాడూ కలిపి చూడలేదు నేను.

"డీజిలు ట్యాంకు?"

"బావదే."

"డాక్టరుగారి పన్ను?"

"బావదే."

"సముద్రంలోది?"

"అది నాదే. అన్నీ ఆయన రంగేసిన కాడే ఉంటే అనుమానం రాదేటి? అందుకని నా వాటికీ పెడతన్నాను. దేనికి బుగ్గెక్కడో అలోసించలేక సచ్చిపోతన్నాను, తెలుసా నీకు?"

నేను బయటకొచ్చి ముగ్గు వేశాను. చుక్కలు ఎన్ని పెట్టానో ఇప్పటికీ తెలియదు.

పదింటికి ఆనంద్‌కుమార్ వచ్చాడు. వెంట వాళ్ళమ్మ ధనలక్ష్మమ్మగారు కూడా వచ్చింది. షావుకారు దూరం నుంచి చూసి, "అబ్బ" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. షావుకారు దగ్గరకు వచ్చాడు.

"ఈ నల్లచుక్కేమిటి?"

"దిష్టి బాబూ" అన్నాడు గంగులన్నయ్య.

మా ఆయన అప్పుడే చూశాడు. మొహం ఎర్రబడింది. "ముట్టనన్నావు గదరా."

"పువ్వు ముట్టనేదు బావా. దాని బుగ్గ ముట్టాను."

"అసలు బొమ్మలో చుక్క లేదండీ" అన్నాడు షావుకారు. "అచ్చం దానిలాగే కావాలని చెప్పాను."

"అసలుది ఎక్కడుంటాది బాబూ?"

"ఫ్రాన్సులో. మ్యూజియంలో."

"దానికి కాపలా ఉంటాదా?"

"ఎందుకుండదు? అద్దం ఉంటుంది, కెమెరాలుంటాయి, గేటు దగ్గర పోలీసుంటాడు."

"మరి మీ కొట్లో?"

"మా కొట్లో పోలీసెందుకుంటాడు?"

"మరదే. దానికి పోలీసున్నాడు. దీనికి సుక్కున్నాది."

షావుకారుకు నవ్వు రాలేదు. "ఇది తీసేస్తేనే పట్టుకెళతాను. లేకపోతే మీరే ఉంచుకోండి" అన్నాడు.

మా ఆయన గుడ్డ తీసుకుని టర్పెంటైనులో ముంచాడు. గంగులన్నయ్య అడ్డం వెళ్ళాడు.

"వద్దు బావా."

"తప్పుకోరా."

"తుడిస్తే దిష్టి రెండింతలు తగుల్తాది."

"నీ దిష్టి నీ మొగాన పెట్టుకో. తప్పుకో."

ఆ గుడ్డ ఒక్కసారి రాస్తే చాలు. నలుపు పోయి కింద పచ్చబొట్టు బయటపడుతుంది. ఆ ఒక్కటే కాదు, నాలుగేళ్ళ చుక్కలన్నీ ఆయనకు ఒక్కసారే కనబడతాయి. టీగ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను నేను. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ రోజు ధనలక్ష్మమ్మగారికి గ్లాసు అందిస్తూ అడిగేశాను.

"అమ్మా, మీ అబ్బాయికి సిన్నప్పుడు సుక్క పెట్టినారా?"

"పెట్టకేటమ్మా. ఎర్రగా బొద్దుగా ఉండేవోడు. రెండు బుగ్గలకీ పెట్టేదాన్ని."

"పెళ్ళినాడో?"

"అరికాల్లో పెట్టాను. పెళ్ళికొడుకు మొగాన పెడితే ఫోటోలో బాగోదని."

"ఆ తర్వాత మానేసినారా అమ్మా?"

"ఎందుకు మానేస్తాను? కొట్టు తెరిసినోడికి ఎంతమంది కళ్ళు పడతాయి? ఈయాల పొద్దున్న కూడా పెట్టి పంపించాను."

షావుకారు కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా."

"అమ్మేటి? ఎడమకాలు. సెప్పిప్పి సూపించరా, ఆళ్ళు నమ్మటం నేదు."

"ఇప్పుడు చెప్పులెందుకమ్మా?"

మా ఆయన గుడ్డ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. గంగులన్నయ్య మర్యాదగా షావుకారు ఎడమకాలు వైపు చూస్తున్నాడు. నేనూ అటే చూశాను. తప్పని తెలుసు, కాని చూశాను. షావుకారు ఆ కాలు మెల్లగా కుడికాలి వెనక్కి దాచుకున్నాడు.

"నలభై అయిదేళ్ళ మగోడికి సుక్క కావాలిగాని, నిన్న పూసిన పువ్వుకి వద్దేటిరా?" అంది ధనలక్ష్మమ్మగారు. బొమ్మ దగ్గరకెళ్ళి, పెద్ద గులాబీకి రెండు చేతులతో మెటికలు విరిచింది. "బేగి కారులో పెట్టండి. ఎండెక్కుతోంది."

బొమ్మ వెళ్ళిపోయింది. మా ఆయన రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ కారునే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు అన్నం దగ్గర మాత్రం మీ అన్న, మీ అన్న అంటూ గంటసేపు తిట్టాడు. "నా సెయ్యి మంచిది కాబట్టి సరిపోనాది. నేకపోతే ఆ సుక్కకి ఎవుడు తీసుకెల్తాడు?" అన్నాడు. నిజమేనని నేను ఇంకొంచెం పప్పు వేశాను.

పట్టుచీరల గదిలో ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. చీరలు కొనుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్ళు పువ్వుల్ని దూరం నుంచి చూసి, చుక్కను దగ్గరకొచ్చి చూస్తారట. ఆ తర్వాత మా ఆయన పూల బొమ్మలే వేశాడు. మరో పదకొండు వేశాడు. పదకొండింటికీ గంగులన్నయ్య తెల్లవారగానే వెళ్ళి బుగ్గలు వెతికాడు. పోయిన కార్తీకంలో మా ఆయన పోయాడు. పోయే ముందు వారం కూడా మంచం మీంచి, "నా సేతిలోంచి ఒక్క బొట్టు జారనేదు, మీ అన్నే అంతా పాడుసేసినాడు" అని చూడవచ్చినవాళ్ళకు చెప్పుకున్నాడు. గంగులన్నయ్య మంచం పక్కనే కూర్చుని, "అవును, నానే" అని ఒప్పుకునేవాడు.

మా ఆయన పోయాక నేను షెడ్డు వైపు వెళ్ళడం మానేశాను. మొన్న మాత్రం అన్నయ్యకు టీ ఇచ్చేవాళ్ళెవరూ లేరని వెళ్ళాను. పాలవ్యాను మీద తెల్లావు బొమ్మ వేసి ఉంది. కొమ్ములూ, గంటలూ చక్కగా ఉన్నాయి. అన్నయ్య రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి చూసి, ఇంజక్షన్ సీసా తీశాడు.

నేను చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అన్నియ్యా, ఇప్పుడు ఎవుళ్ళ సెయ్యీ వణకటం నేదు గదా. ఇంకా ఎందుకీ సుక్కలు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి నన్ను కసిరాడు.

"మెల్లిగా మాటాడవే. బావ పోనాక సుక్కలు మానేశాననుకో, అప్పుడవి ఎవురివో ఊరంతా కనిపెట్టెయ్యదేటి?"